ఊరు పెరిగేకొద్దీ రోడ్లు ఎందుకు తెగిపోతాయి? 47వ నంబరు ప్లాట్ చెప్పే జవాబు

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఇల్లు కొన్నారు. మేడ మీద నుంచి చూస్తే మెయిన్ రోడ్డు కనిపిస్తుంది, కానీ అక్కడికి చేరాలంటే చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు వెళ్లాలి. పాత బస్తీలో గల్లీలు ఇరుకైనా ఎటు నుంచి ఎటైనా పోవచ్చు. కొత్త కాలనీల్లో 40 అడుగుల రోడ్లున్నా ఎందుకు కలవవు? నగరం పెద్దదైతే ఇది తప్పదా, పోనుపోను అదే సర్దుకుంటుందా? మీ కాలనీ వెనక 12 ఎకరాల్లో కొత్త వెంచర్ మొదలవుతోందని కూడా చివర్లో రాశారు.

ముందు సూటిగా చెబుతాను. అదంతట అదే సర్దుకోదు. ఇల్లు 30 ఏళ్లకు కూల్చి కట్టుకుంటారు, కొట్టు పోయి అపార్ట్‌మెంట్ వస్తుంది, అపార్ట్‌మెంట్ పోయి మాల్ వస్తుంది. రోడ్డు మాత్రం మొదటి రోజు నక్ష మీద ఎక్కడ గీశారో అక్కడే ఉంటుంది. రెండు వైపులా వందమంది పేర్ల మీద రిజిస్ట్రేషన్లు అయిపోయాక దాన్ని ఒక్క అడుగు జరపడానికి కూడా కోర్టులు, నష్టపరిహారాలు, ఏళ్లు కావాలి. కాబట్టి మీ ప్రశ్న కన్నా ఆ చివర రాసిన 12 ఎకరాల సంగతే నాకు పెద్దదిగా కనిపిస్తోంది. దాని దగ్గరికి వస్తాను. నేను 31 ఏళ్లు లేఅవుట్ల సర్వే, డ్రాయింగ్ పని చేశాను. ఇక్కడ చెప్పేది చాలామటుకు గొలుసు, టేపు పట్టుకుని తిరిగి చూసినదే.

రోడ్లు కలవడం అంటే ఏమిటో లెక్కలో చూద్దాం. ఒక వెంచర్ అనుకోండి. గేటు ఒకటే. లోపలికి ఒక పెద్ద రోడ్డు, దానికి ఆరు చోట్ల అటొక వీధి, ఇటొక వీధి. పన్నెండు వీధులూ చివర గోడకు తగిలి ఆగిపోతాయి. ఇప్పుడు ప్రతి కూడలి దగ్గర నిలబడి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టండి. నాలుగు దారుల కూడళ్లు ఐదు, అంటే 20. పెద్ద రోడ్డు ఆగిపోయే చివరి కూడలిలో 3. బయట గేటు దగ్గర 3. గోడకు తగిలే పన్నెండు చివరల్లో ఒక్కోటి, అంటే 12. మొత్తం 38. దాన్ని 19 స్థానాలకు పంచితే సగటు 2. అంటే సగటున మీకున్నవి రెండే దారులు: వచ్చింది ఒకటి, పోయేది ఒకటి. ఇప్పుడు ఆ పన్నెండు వీధుల్ని పక్క లేఅవుట్ల వీధులకు కలిపేయండి. గోడకు తగిలే చివరలు మాయం. మిగిలిన ఏడు కూడళ్లకు 26 దారులు, సగటు 3.7. ఒక్క రోడ్డు వెడల్పు పెరగలేదు, ఒక్క ఫ్లయ్‌ఓవర్ కట్టలేదు. కాలనీ స్వభావమే మారిపోయింది.

ప్రపంచమంతటా నగరాల్ని ఇలాంటి లెక్కలతోనే కొలుస్తారు. నగరాల మీద పనిచేసే ఐక్యరాజ్య సమితి సంస్థ యూఎన్-హ్యాబిటాట్ సూచన ప్రకారం చదరపు కిలోమీటరుకు కనీసం 18 కిలోమీటర్ల వీధులు ఉండాలి. నిలువుగా 9, అడ్డంగా 9 వీధులు గీసుకుంటే సరిగ్గా 18 కిలోమీటర్లు, 81 కూడళ్లు వస్తాయి. మీ ఇంటి చుట్టూ ఒక చదరపు కిలోమీటరు మ్యాప్‌లో తీసుకుని గేట్లు, గోడలు వదిలేసి, ఎవరైనా స్వేచ్ఛగా దాటగలిగే కూడళ్లు ఎన్నో లెక్కపెట్టండి. పిల్లలతో కలిసి చేస్తే గంట పని. ఆ అంకె చూశాక మీ ట్రాఫిక్ టెన్షన్ ఎక్కడ పుడుతోందో మీకే తెలుస్తుంది.

ఇక హైదరాబాద్ ఎలా పెరిగిందో లోపలి నుంచి బయటికి నడుచుకుంటూ చూద్దాం. 1591లో చార్మినార్ కట్టినప్పుడే నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు. వాటి మధ్య మొహల్లాల్లో గల్లీలు ఎవరూ ప్లాన్ వేయకుండానే పెరిగాయి. వాటిలో మూసుకుపోయేవీ ఉన్నాయి, కానీ నడిచే మనిషికి పది అడుగులకొక మలుపు, ఏదో ఒక సందు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీల మధ్య నుంచి రోడ్లు తీశారు, పత్తర్‌గట్టి కట్టారు. అప్పటికే ఉన్న ఊరిని తెరవడానికి ఎంత అధికారం, ఎంత డబ్బు కావాలో ఆ పనిని చూస్తే అర్థమవుతుంది. 1806లో మొదలైన సికింద్రాబాద్‌ది వేరే దారి. కంటోన్మెంట్ ఊరు కాబట్టి పాత బజార్లలో వీధులు చాలావరకు గీత గీసినట్టు ఉంటాయి.

తర్వాతి దశ హౌసింగ్ బోర్డులది. కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ కాలనీలో ఇప్పుడు ఎంత రద్దీ ఉన్నా, ఒక రోడ్డు మూసేస్తే పక్క రోడ్డు నుంచి బయటపడతారు. కొనేవాళ్ల ఆదాయాన్ని బట్టి ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఇళ్లకు తేడా పెట్టారు కానీ వీధులన్నిటినీ ఒకే చెయ్యి గీసింది. చిన్న ఇళ్లన్నీ అంతస్తులై, హాస్టళ్లై, జనం ఎన్నో రెట్లు పెరిగినా ఆ కాలనీ బరువు మోస్తోందంటే కారణం అదే.

అక్కడి నుంచి ఇంకా బయటికి, మీ వైపు రండి. ఇక్కడ గీసిన చెయ్యి ఒకటి కాదు, వందలు. ఇవి వ్యవసాయ గ్రామాలు. ఊరి నుంచి ఊరికి ఒక బాట, చెరువు కట్ట మీదుగా ఒక బండ్ల బాట, అంతే. చేనుకీ చేనుకీ మధ్య గట్టు ఉంటుంది, రోడ్డు ఉండదు. ఉండాల్సిన అవసరమూ రైతుకు లేదు. నగరం వచ్చినప్పుడు ఈ భూమి ఒక్కసారిగా అమ్ముడుపోలేదు. సర్వే నంబరు వారీగా, వాటాల వారీగా, అన్న అమ్మిన పదేళ్లకు తమ్ముడు అమ్మితే, ముక్కలు ముక్కలుగా వెంచర్లు అయ్యాయి. ప్రతి వెంచర్ నక్షా దాని హద్దు దగ్గర ఆగిపోతుంది. నిన్నటి పొలం గట్టే ఇవాళ్టి కాంపౌండ్ వాల్. మీరు మేడ మీద నుంచి చూసే ఆ గోడ కింద తవ్వితే చాలాచోట్ల పాత హద్దు రాయి దొరుకుతుంది.

మాస్టర్ ప్లాన్ లేదా అంటే ఉంది. అది గీసేది పెద్ద రోడ్లను. వెంచర్ చేసేవాళ్లు గీసేది 30, 40 అడుగుల లోపలి వీధుల్ని. ఈ రెండింటి మధ్య ఉండాల్సినవి, పది కాలనీల్ని గుచ్చుకుంటూ పోయే 50, 60 అడుగుల రోడ్లు, ఎవరి కాగితం మీదా ఉండవు. నా దృష్టిలో మన నగరం అసలు లోపం ఈ మధ్య వరస లేకపోవడమే. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) చేసినప్పుడు, దాదాపు 170 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కరోజులో 650 దాకా అయింది. అప్పటికే ఆ ఊళ్లలో పంచాయతీ లేఅవుట్లు వేసి అమ్మేశారు. చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు కట్టుకున్నాం, మంచిదే. కానీ ఔటర్ దిగాక ఇంటికి చేరడానికి ఒక్కటే ఊరి బాట ఉంటే, ఎనిమిది లేన్ల రోడ్డు వచ్చి 30 అడుగుల గొంతులో ఇరుక్కుంటుంది.

అన్నీ మనుషులు చేసిన తప్పులే అనడం న్యాయం కాదు. హైదరాబాద్ నేలలో గొలుసుకట్టు చెరువులున్నాయి, బండరాళ్ల గుట్టలున్నాయి, రక్షణ శాఖ భూములున్నాయి. చెరువును పూడ్చి రోడ్డు కలపమని ఎవరూ అడగకూడదు. కానీ చెరువు అడ్డున్న చోట దారి తెగడం వేరు, 9 అంగుళాల ఇటుక గోడ అడ్డున్న చోట తెగడం వేరు.

ఇప్పుడు 47వ నంబరు ప్లాట్ గురించి. 1996లో నగరానికి పడమర ఒక గ్రామంలో తొమ్మిదిన్నర ఎకరాల లేఅవుట్ నేనే గీశాను. తూర్పు హద్దు వైపు పోయే 30 అడుగుల రోడ్డును హద్దు దాకా తీసుకెళ్లి వదిలాను. అవతల ఇంకా జొన్న చేను. రేపు అక్కడ లేఅవుట్ వస్తే కలుస్తుందని నా ఆలోచన. వెంచర్ యజమాని టేబుల్ మీద నక్ష పరిచి వేలు పెట్టి అడిగాడు: "సార్, గీ రోడ్డు ఆడిదాక పోయి ఏం జేస్తది? అవతల చేనే గదా. ఆడ ఒక ప్లాట్ పడ్తది." నిజమే, పడుతుంది. హద్దు వెంబడి వరసలో ప్లాట్లు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. రోడ్డు 30 అడుగులు. వరసను చీల్చుకుని పోయే ఆ రోడ్డు ముక్క కచ్చితంగా 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. అంటే ఒక ప్లాట్. అప్పుడక్కడ గజం 300 రూపాయలు. 60 వేల రూపాయలు. నేను బ్లేడుతో ఆ రెండు గీతలు గీకేసి, 47 అని నంబరు వేశాను. అందుకు ఇవాళ్టికీ బాధపడతాను.

ఏడెనిమిదేళ్లకు జొన్న చేను కూడా లేఅవుట్ అయింది. దాని 30 అడుగుల రోడ్డు పడమరగా వచ్చి సరిగ్గా 47వ ప్లాట్ వెనక గోడకు తగిలి ఆగింది. ఆ రోడ్డు మీదే తర్వాత స్కూల్ వచ్చింది. మా వైపు ఆఖరి కూడలి నుంచి స్కూల్ గేటుకు టేపు పెట్టి కొలిస్తే 140 మీటర్లు. రోడ్డు మీద 1,600 మీటర్లు. నేను చూడటానికి వెళ్లిన రోజు గోడకు ఇటు నాలుగు సిమెంటు ఇటుకలు, అటు ఒక పగిలిన నీళ్ల తొట్టె బోర్లించి ఉన్నాయి. గోడ పైన ఒకచోట సున్నం మొత్తం అరిగి నున్నగా అయింది, పిల్లల చేతులు పడీ పడీ. బ్యాగులు ముందు విసిరేసి, తర్వాత వాళ్లు దూకుతారు. చిన్నపిల్లల్ని మాత్రం తండ్రులు బండి మీద చుట్టూ తిప్పి దింపి వస్తారు.

ఆ ఖర్చు లెక్క వేశాను. ఒక్కో ట్రిప్పుకు అదనంగా 1.46 కిలోమీటర్లు. పొద్దున పోయి రావడం, సాయంత్రం పోయి రావడం, రోజుకు 5.84. అలా వెళ్లే ఇళ్లు 40. స్కూల్ నడిచే రోజులు 220 అనుకుంటే ఏడాదికి 51 వేల కిలోమీటర్ల పైనే. భూమి చుట్టుకొలత 40 వేలు. ఒక్క ప్లాట్ కోసం, ఒక్క స్కూల్ దారిలో, ఏటా ఇంత. అదంతా మెయిన్ రోడ్డు మీదికే ఎక్కుతుంది. పాల ప్యాకెట్‌కి పోయేవాడు, ముంబై పోయే లారీ ఒకే రోడ్డు మీద ఒకే యూటర్న్ దగ్గర కలుస్తారు. తర్వాత మనం ఆ రోడ్డు చాలట్లేదని వెడల్పు చేయమంటాం.

బండ్ల సంగతే కాదు. దారి అవతలికి పోదు కాబట్టి ఆర్టీసీ బస్సు లోపలికి రాదు, స్టాపు మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. రోడ్డు కింద నీళ్ల పైపు కూడా అక్కడే ఆగిపోతుంది. రెండు వైపులా కలిసిన పైపులో నీళ్లు తిరుగుతాయి. చివర మూసుకుపోయిన పైపులో ప్రెషర్ తగ్గుతుంది, మడ్డి పేరుకుంటుంది. మా ఇంటికే ఎందుకు మురికి నీళ్లొస్తాయని ఆఖరి ఇంటివాళ్లు అడిగితే జవాబు చాలాసార్లు ఈ చివర మూసిన పైపే.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో 1929లో న్యూజెర్సీలోని రాడ్‌బర్న్ అనే చోట కార్ల గొడవ లేకుండా ఇళ్ల ముందు వీధుల్ని కావాలనే మూసి కట్టారు. కానీ ఇళ్ల వెనక తోటలో నడక దారులు, పెద్ద రోడ్డు కింద నుంచి దాటే దారి కూడా ఇచ్చారు. తర్వాత దేశమంతా కాపీ కొట్టింది మూసిన వీధుల్ని. నడక దారుల్ని వదిలేశారు. 1930ల నుంచి ఇళ్ల రుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ కూడా మూసిన వీధులే మేలని మార్గదర్శకాల్లో పెట్టింది. బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి వీధుల్ని వందేళ్ల వరకు వెనక్కి వెళ్లి కొలిచారు. కొత్తగా వేసిన వీధులు కలవకపోవడం 1994 ప్రాంతంలో శిఖరానికి చేరి, అక్కడి నుంచి తగ్గుతూ వచ్చిందని 2015లో చూపించారు. అంటే నగరం పెరిగితే ఇది తప్పదు అన్న మాట నిజం కాదు. నియమాలు మారితే కొత్త వీధులు మారతాయి. 2009లో వర్జీనియా రాష్ట్రం, పక్కవాటితో కలవని వీధుల మెయింటెనెన్స్ మేం తీసుకోం అని నియమం పెట్టింది. తర్వాత కొంత సడలించింది. అయితే ఆ ఇద్దరు పరిశోధకుల అధ్యయనంలో ఇంకో మాటా ఉంది: మొదట తెగిపోయి పుట్టిన ప్రాంతాలు చాలావరకు అలాగే ఉండిపోయాయి. మీ "సర్దుకుంటుందా" అన్న ప్రశ్నకు అదే జవాబు. కొత్తవి బాగుపడగలవు, పాతవి వాటంతట అవి బాగుపడవు.

మన దేశంలోనే మంచి పద్ధతి కావాలంటే అహ్మదాబాద్ చూడండి. టౌన్ ప్లానింగ్ స్కీమ్ అంటారు. ఒక ప్రాంతంలో రైతుల భూములన్నీ కాగితం మీద కలిపేసి, ముందు రోడ్లు గీసి, మిగిలినదాన్ని చదరంగా సర్ది తిరిగి ఇస్తారు. తలా కొంత తగ్గుతుంది, కానీ అందరికీ రోడ్డును ఆనుకున్న ముక్కే వస్తుంది. అక్కడి 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకు భూమి ఇలాంటి స్కీములతోనే సమకూరింది. మన అమరావతిలో 2015లో రైతులు రాజధాని కోసం 33 వేల ఎకరాల పైచిలుకు భూమిని ఇలాగే కలిపి సర్దడానికి (పూలింగ్‌కి) ఇచ్చినప్పుడు నాకు ఎక్కువ ఆశ కలిగించింది భవనాల బొమ్మలు కాదు, E, N అనే అక్షరాల నంబర్లతో నిలువు అడ్డం గీసిన ఆ రోడ్ల గళ్లు. పొలం గట్టు గోడ కాకముందే గీసిన గీతలవి.

మీ కాలనీలో ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దారి తెరిస్తే బయటి బండ్లన్నీ మన వీధిలోంచే పోతాయి, పిల్లలు ఆడుకునేది ఎక్కడ, దొంగల భయం, అంటారు. బండ్ల భయం నిజమైనదే. దానికి మందు గోడ కాదు. మధ్యలో రెండు ఇనుప పైపులు పాతితే కారు ఆగుతుంది. మనిషి, సైకిల్, తోపుడు బండి పోతాయి. అంబులెన్స్ కోసం తాళం తీసి పైపు ఎత్తే ఏర్పాటు ఉంటుంది. ఇంకోటి, పది దారులుంటే మీ వీధి మీద పడే బరువు పదో వంతు. ఒక్కటే తెరిస్తే అందరూ దాని మీదే పడతారు. అందుకే మేమొక్కళ్లమే ఎందుకు తెరవాలి అనేవాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది, చుట్టుపక్కల కాలనీలన్నీ కలిసి కూర్చోవాలి.

చట్టం వైపు నుంచి ఒక్క మాట. అనుమతి ఉన్న లేఅవుట్లో రోడ్లు, ఖాళీ స్థలాలు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేస్తారు, అంటే ఉచితంగా రాసిస్తారు. అలా రాసిచ్చిన రోడ్డు వెంచర్ వాళ్లదీ కాదు, కాలనీ సంఘానిదీ కాదు. దానికి అడ్డంగా గోడ కట్టే హక్కు ఎవరికీ ఉండదు. 2024లో వచ్చిన ప్రభుత్వ సంస్థ హైడ్రా కొన్నిచోట్ల ఇలాంటి గోడలు తీయించింది. నగరంలో రోడ్ల కోసం పెట్టిన ప్రభుత్వ కార్పొరేషన్ హెచ్ఆర్‌డీసీఎల్, తెగిన రోడ్లను కలిపే లింక్ రోడ్లు వేస్తూ వచ్చింది. కానీ అవి తెగిన చోట కుట్లు. మీకు కుట్టు అవసరం లేని అవకాశం ఇంకా చేతిలో ఉంది.

మా 47వ ప్లాట్‌లో రెండంతస్తుల ఇల్లు వచ్చేసింది, కాబట్టి రోడ్డు ఇక రాదు. పక్కనున్న 46 ఖాళీగా ఉండేది. అయిదేళ్ల కిందట కాలనీ వాళ్లు చందాలు వేసుకుని, ఆ ప్లాట్ ఆమెను బతిమాలి, అయిదు అడుగుల పట్టీ కొన్నారు. అయిదు ఇంటూ అరవై, 300 చదరపు అడుగులు, 33 గజాలు. 1996లో ఆ ప్లాట్ మొత్తం పలికినదానికి ఎన్నో రెట్లు ఆ పట్టీకి పెట్టారు. ఇటుకలు, నీళ్ల తొట్టె తీసేశారు. ఇప్పుడు నానమ్మలు కూడా పిల్లల చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్తున్నారు.

మీ వెనక 12 ఎకరాల సంగతికి వద్దాం. వెంచర్ వాళ్లను, మీ మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌ను ఈ వారమే కలవండి. మీ లేఅవుట్ కాపీ, గిఫ్ట్ డీడ్ కాపీ తీసుకెళ్లండి. ఊరి నక్షలో ఆ సర్వే నంబర్ల మీదుగా పాత బండ్ల బాట ఏదైనా పోతోందేమో చూపించమనండి. ఉంటే అది మీకు పెద్ద ఆధారం. లిఖితపూర్వకంగా ఇవ్వండి, ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. వెంచర్ వాళ్లతో గొడవగా మాట్లాడొద్దు. మీ వైపు నుంచి దారి కలిస్తే వాళ్ల ప్లాట్లకూ రెండో అప్రోచ్ వస్తుంది, అది వాళ్ల బ్రోచర్‌లో రాసుకోదగ్గ విషయమే. అన్నిటికన్నా ముందు వాళ్ల డ్రాఫ్ట్ నక్ష అడిగి, మీ రోడ్డు ఆగిపోయే చోట గోడకు అవతల ఏ నంబరు ప్లాట్ పడిందో చూడండి. కడీలు పాతాక, ఆ నంబరు మీద ఎవరో ఒకరు అడ్వాన్స్ కట్టాక, అక్కడ మాట్లాడటానికి ఇంకేమీ మిగలదు.